పడవ ఒడ్డుకొచ్చే ఆ ఒక్క నిమిషం: సముద్రపు గాలిమరల మీద పీహెచ్‌డీకి ఎలా సిద్ధమవ్వాలి

శ్రీకాకుళం జిల్లా బందరువానిపేట ఒడ్డున ఒకరోజు పొద్దున్నే నిలబడి చూడండి. వేటకెళ్లిన ఫైబర్ పడవలు తిరిగొచ్చే వేళ అది. అలలు విరిగే చోటుకి కాస్త అవతల పడవ ఆగిపోతుంది. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, పడవ మాత్రం ముందుకి రాదు. వెనక కూర్చున్నాయన మెడ తిప్పి సముద్రం వైపే చూస్తుంటాడు. రెండు మూడు పెద్ద అలల్ని పడవ కిందనుంచి పోనిచ్చి, ఉన్నట్టుండి ఇంజిన్ పెంచి ఒడ్డుకి దూసుకొచ్చేస్తాడు. రాత్రంతా చేసిన వేట ఒక ఎత్తు, ఆ చివరి నిమిషం ఒక ఎత్తు. చిన్నప్పుడు మా చిన్నాన్నని అడిగితే ఒకటే మాట అన్నాడు: "ఒక్క అల సూసి దిగిపోకూడదురా. దాని ఎనకాల ఏటొస్తందో సూడాల."

సముద్రంలో గాలిమరలు నిలబెట్టే ఓడల మీద పీహెచ్‌డీ అంటే చాలావరకు ఆ నిమిషాన్ని లెక్కల్లోకి దించడమే. ఈ సంగతి నాకు తలకెక్కడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. మీకు అంత పట్టక్కర్లేదు. మన రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల్లో మెకానికల్‌గానీ, ఎలక్ట్రికల్‌గానీ, సివిల్‌గానీ చదివి, "ఈ ఆఫ్‌షోర్ విండ్ వైపు వెళ్లాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి" అని అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు పని ఏమిటో తెలుసుకోండి

ఇంట్లో నేనీ సంగతి చెప్పినప్పుడు మావయ్య అడిగిన మొదటి ప్రశ్న, "పంకాలు బిగించడానికి డాక్టరేటా?" అని. ఆ ప్రశ్నకి జవాబు మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ కూడా అదే అడుగుతారు, కాస్త మర్యాదగా.

సముద్రంలో మొట్టమొదటి గాలిమరల క్షేత్రం 1991లో డెన్మార్క్‌లోని విండెబీ దగ్గర వెలిసింది. మొత్తం 11 మరలు, ఒక్కోటి 450 కిలోవాట్లు. ఇప్పుడు తయారవుతున్న వెస్టాస్ వి236 మర ఒక్కటే 15 మెగావాట్లు. అంటే విండెబీలోని మరలన్నీ కలిపినా దానిలో మూడో వంతు. దీని ఒక్క రెక్క పొడవు 115.5 మీటర్లు. క్రికెట్ గ్రౌండ్‌లో పిచ్ దగ్గర మొదలుపెట్టి బౌండరీ దాటి అవతల పడేంత పొడవు. దాన్ని క్రేన్‌కి వేలాడదీసి, నీటి మట్టానికి నూట యాభై మీటర్ల ఎత్తున ఉన్న హబ్‌లో, అంటే రెక్కలన్నీ కలిసే నడిమి భాగంలో, రెక్క మొదట్లో ఉన్న బోల్టులన్నీ వాటి రంధ్రాల్లో పడేలా కూర్చోబెట్టాలి. పైన గాలి రెక్కని ఊపుతుంది, కింద అలలు స్తంభాన్ని ఊపుతాయి. వదులు సెంటీమీటర్లలోనే ఉంటుంది. మావయ్యకి ఇంతవరకు చెప్పేసరికి టీ చల్లారిపోయింది.

పని వరస సుమారుగా ఇలా ఉంటుంది. ముందు పునాది. లోతు తక్కువైతే మోనోపైల్ అనే లావుపాటి ఉక్కు గొట్టాన్ని సుత్తితో నేలలోకి దించుతారు. ఈ గొట్టాలు వెయ్యి టన్నులు, రెండు వేల టన్నులు కూడా దాటుతున్నాయి. దానిమీద టవర్, ఆపైన నాసెల్ అనే జనరేటర్ పెట్టె, చివర్లో రెక్కలు. ఇవన్నీ ఎక్కించే ఓడ మామూలు ఓడ కాదు. దానికి కాళ్లుంటాయి. జాకప్ అంటారు. ఆ కాళ్లు సముద్రం అడుగుకి దించి, తనని తాను నీటి మీదకి ఎత్తుకుని నిలబడుతుంది. లోతు బాగా ఎక్కువైతే కాళ్లు అందవు, మోనోపైల్ కుదరదు. అప్పుడు తేలే పునాదులు. 2017లో స్కాట్లాండ్ తీరాన మొదలైన హైవిండ్ అలాంటిది. అయిదు మరలు, 30 మెగావాట్లు. వాటిని నడిసముద్రంలో బిగించలేదు. నార్వేలో కొండల మధ్య అలలు లేని లోతైన నీటిలో పూర్తిగా కూర్చి, నిలువుగా ఉన్నవాటిని ఉన్నట్టే లాక్కెళ్లారు. కష్టమైన నిమిషాన్ని గెలవలేకపోతే దాన్ని తేలికైన చోటుకి మార్చేశారన్నమాట. నాకు ఈ తెలివి చాలా నచ్చుతుంది.

మరి మన దేశంలో? 2015లో ఆఫ్‌షోర్ విండ్ పాలసీ వచ్చింది. 2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్ల రూపాయల సాయానికి ఆమోదం ఇచ్చింది, అందులో గుజరాత్ తీరాన 500 మెగావాట్లు, తమిళనాడు తీరాన 500 మెగావాట్లు. ఆంధ్ర తీరం ఈ మొదటి విడతలో లేదు. "చదువు అయ్యాక భావనపాడులో ఉద్యోగం" అనుకుని దీనిలోకి దిగకండి. మనవాళ్లు వేటకి వెరావల్ వెళ్తున్నట్టే మీరూ గుజరాత్‌కో, తూత్తుకుడి వైపుకో, యూరప్‌లోని ఉత్తర సముద్రానికో వెళ్లాలి. ఇష్టమైతేనే ముందుకి రండి.

ఒక్క నిమిషాన్ని ఎంచుకోండి

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నేనూ చేశాను. నా మొదటి ప్రతిపాదన శీర్షిక "సముద్ర గాలిమరల స్థాపనలో ఓడల నియంత్రణ: ఒక సమగ్ర అధ్యయనం". ఇలాంటిది రాస్తే ఎవరూ జవాబివ్వరు. అది పది మంది పీహెచ్‌డీలకి సరిపోయే సైజు.

మొత్తం పనిలో ఎక్కడ ప్రాణం గొంతులోకి వస్తుందో వెతకండి. మచ్చుకి నాలుగు. జాకప్ కాలు సముద్రం అడుగుని తాకే క్షణం: ఓడ ఇంకా తేలుతూ ఊగుతోంది, కాలు మాత్రం నేలని కొడుతోంది. క్రేన్‌కి వేలాడుతున్న మోనోపైల్ అడుగు నేలకి ఆనే క్షణం. రెక్క మొదలు హబ్‌లోకి దూరే క్షణం. చిన్న బోటు మీద నుంచి టెక్నీషియన్ నిచ్చెన మీదకి కాలు వేసే క్షణం. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అల ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు దాటితే మామూలు బోట్ల నుంచి మనుషుల్ని దించడం ఆపేస్తారు. దాంతో కోట్ల రూపాయల మర రిపేరు లేక ఆగిపోతుంది.

రెండోదాని దగ్గర కాసేపు ఆగుదాం. మోనోపైళ్లని కాళ్లున్న జాకప్‌తోనే కాదు, తేలే ఓడతో కూడా దించుతారు. ఆ ఓడ లంగరు లేకుండా, కేవలం తన ప్రొపెల్లర్లతో ఒకేచోట నిలబడి ఉంటుంది. దాన్ని డైనమిక్ పొజిషనింగ్ అంటారు, వాడుకలో డీపీ. గాలి, నీటి ప్రవాహం ఓడని పక్కకి నెడుతుంటే కంప్యూటర్ దానికి సరిపడా ఎదురు తోస్తుంటుంది. వేలాడుతున్న గొట్టం నేలకి ఆనగానే, లేదా దాన్ని పట్టుకున్న చట్రం బిగుసుకోగానే, ఓడకి ఒక కొత్త గుంజ దొరికినట్టవుతుంది. ఆ సంగతి కంప్యూటర్‌కి తెలీదు. అది ఇంకా "నేను ఒంటరిగా తేలుతున్నాను" అనుకునే లెక్క వేస్తుంటుంది. తప్పు లెక్కతో తోసిన కొద్దీ ఊపు తగ్గే బదులు పెరగొచ్చు. గుంజకి కట్టిన దూడని, కట్టలేదనుకుని అటూ ఇటూ తోలితే ఏమవుతుందో ఆలోచించండి. ఈ ఒక్క మార్పుని కంట్రోలర్ ఎలా పసిగట్టాలి, పసిగట్టాక ఏం చేయాలి? ఇది ఒక పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్న.

మన తీరం నుంచి వచ్చిన మీకు ఇంకో ప్రశ్న దగ్గరగా ఉంది. ఒడ్డున నిలబడితే రెండు రకాల అలలు కనిపిస్తాయి. ఒకటి, మధ్యాహ్నం గాలికి లేచే పొట్టి అల, నాలుగైదు సెకన్లకి ఒకటి వస్తుంది. రెండోది, గాలి లేకపోయినా నెమ్మదిగా వీపు ఎత్తుకుంటూ వచ్చే పొడవాటి అల, పన్నెండు పద్నాలుగు సెకన్లకి ఒకటి. ఈ రెండోది ఇక్కడ పుట్టింది కాదు. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో తుపాను గాలికి పుట్టి, రోజుల తరబడి ప్రయాణం చేసి బంగాళాఖాతానికి వస్తుంది. చిన్నాన్న మెడ తిప్పి చూసేది దీని కోసమే.

ఇప్పుడు చూడండి తమాషా. రెక్కలు ఇంకా బిగించని టవర్ తనంతట తాను ఊగే కాలం పెద్ద మరల్లో కొన్ని సెకన్లే ఉంటుంది. పొట్టి అల కాలం దానితో కలిసిందంటే, అల ఎత్తు చిన్నదే అయినా పైన హబ్ ఊగిపోతుంది. తిరిగే రెక్కలుంటే గాలే ఆ ఊపుని కొంత అణిచేది, కానీ అవి ఇంకా లేవు. తేలే ఓడ సంగతి వేరు. పొట్టి అలలు దాన్ని పెద్దగా కదపలేవు, పొడవాటి అల మాత్రం ఓడంతటినీ ఎత్తి దించుతుంది. అంటే ఒకే ఒకటిన్నర మీటరు ఎత్తు, ఒకరోజు టవర్‌ని ఊపుతుంది, ఇంకోరోజు ఓడని ఊపుతుంది. అయినా చాలా ఒప్పందాల్లో పని ఆపాలా వద్దా అన్నది అల ఎత్తు ఒక్కదాన్ని బట్టే రాస్తారు. ఉత్తర సముద్రంలో అలవాటైన ఆ అంకె రెండు రకాల అలలూ కలిసే బంగాళాఖాతంలో ఎంతవరకు పనికొస్తుంది? ఇప్పుడు మీకొక ప్రశ్న దొరికింది.

చదువులో ఖాళీలు

దీని గురించి ఎక్కువ చెప్పను. మెకానికల్ వాళ్లకి కంట్రోల్ సిస్టమ్స్ తక్కువ, ఎలక్ట్రికల్ వాళ్లకి ఫ్లూయిడ్ మెకానిక్స్ తక్కువ, సివిల్ వాళ్లకి డైనమిక్స్ కాస్త వస్తుంది, ప్రోగ్రామింగ్ రాదు. మీకు లేనిది ఏదో మీకే తెలుసు. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, ఫూరియర్, కొంచెం ప్రాబబిలిటీ గట్టిగా ఉంటే మిగిలింది దారిలో వస్తుంది. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల ఓషన్ ఇంజనీరింగ్ పాఠాలు ఉచితం. ఒకటిన్నర రెట్లు స్పీడ్‌లో పెట్టుకుని చూడకండి, పెన్ను పట్టుకుని చూడండి.

మొదటి అభ్యాసం: కళింగపట్నం ఎదుట ఎన్ని గంటలు పని జరుగుతుంది?

దీనికి రెండు వారాలు చాలు. ఖర్చు ఏమీ లేదు, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే సరి.

యూరప్ వాతావరణ కేంద్రం వాళ్ల ఈఆర్ఏ5 అనే డేటా ఉంది. 1940 నుంచి గంట గంటకీ ప్రపంచమంతా గాలి, అలల లెక్క ఇస్తుంది, కోపర్నికస్ సైట్‌లో ఖాతా తెరిస్తే ఉచితం. కళింగపట్నానికి తూర్పున నలభై యాభై కిలోమీటర్ల దూరంలో ఒక బిందువు తీసుకోండి. మరీ ఒడ్డుకి దగ్గర తీసుకుంటే ఆ గడిలో సగం నేల వచ్చేసి అంకెలు చెడతాయి. నాలుగు కావాలి: మొత్తం అల ఎత్తు, అల కాలం, పొడవాటి అల ఎత్తు విడిగా, 100 మీటర్ల ఎత్తున గాలి. పదేళ్ల డేటా తీసుకోండి.

అల ఎత్తు అంటే ఇక్కడ సిగ్నిఫికెంట్ వేవ్ హైట్. అలలన్నిటిలో పెద్దవాటి మూడో వంతు తీసి సగటు వేస్తే వచ్చేది. రెండు మీటర్లు అని ఉంటే మధ్యలో ఒక అల నాలుగు మీటర్ల దాకా రావొచ్చు. ఈ తేడా తెలియక ఇంటర్వ్యూలో దొరికిపోయినవాళ్లని చూశాను.

ఇప్పుడు ఒక పరిమితి పెట్టుకోండి. అల 1.5 మీటర్ల లోపు, గాలి సెకనుకి 10 మీటర్ల లోపు, వరసగా 12 గంటలు. ఆ "వరసగా" అన్న మాటలోనే ఉంది అసలు సంగతి. ఒక రోజు తీసుకోండి: 9 గంటలు బాగుంది, 2 గంటలు గాలి పెరిగింది, మళ్లీ 10 గంటలు బాగుంది, చివరి 3 గంటలు చెడింది. 24లో 19 గంటలు పరిమితి లోపలే ఉంది, అంటే 79 శాతం. కానీ 12 గంటల పని ఒక్కటి కూడా పట్టలేదు, సున్నా. ఓడకి రోజు అద్దె మాత్రం పూర్తిగా పడింది. శాతాల గ్రాఫ్ గీసి ఆగిపోయేవాళ్లకీ, ఈ వరస గంటల లెక్క తీసేవాళ్లకీ తేడా ప్రొఫెసర్‌కి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

నెలలవారీగా వేస్తే మనకి తెలిసిన కథే అంకెల్లో కనిపిస్తుంది. జనవరి నుంచి మార్చి వరకు సముద్రం మెత్తగా ఉంటుంది, నైరుతి వచ్చాక గరుకు, అక్టోబర్‌లో తుపాన్లు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజుని విడిగా తీసి చూడండి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన ఆ రోజు మీ గ్రాఫ్‌లో అనుకున్నంత ఎత్తుగా కనిపించదు. ఇలాంటి డేటా తుపాను శిఖరాన్ని తగ్గించి చూపిస్తుంది, ఎందుకంటే దాని గడులు తుపాను కన్ను కంటే ముతక. మీ రిపోర్టులో ఈ మాట రాయండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు మన తీరాన అలల్ని కొలిచే తేలే బోయాలు నడుపుతారు, వీలైతే వాటితో పోల్చండి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. రోజులో ఏ వేళ గాలి ఎక్కువో గ్రాఫ్ వేస్తే, సముద్రపు గాలి పొద్దున పదింటికి ఊపందుకుంటున్నట్టు వచ్చింది. మూడు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను, వాతావరణం మీద ఏదో కొత్త విషయం కనిపెట్టేశానని కూడా అనుకున్నాను. డేటా గ్రీన్‌విచ్ టైమ్‌లో ఉంది. అయిదున్నర గంటలు కలపడం మర్చిపోయాను.

రెండో అభ్యాసం: ఓడని ఒకచోట నిలబెట్టండి

డీపీ పుట్టింది 1961లో, సముద్రంలో లోతుగా తవ్వే ఓడల కోసం. ఆ ఏడాది యురేకా అనే ఓడలో మొదటిసారి ఈ పని ఆటోమేటిక్‌గా చేశారు. ఓడకి ఆరు కదలికలుంటాయి. ముందుకి వెనక్కి, పక్కలకి, పైకి కిందకి అనేవి మూడు, ఆ మూడు దిక్కుల చుట్టూ తిరగడం మరో మూడు. డీపీ పట్టించుకునేవి మూడే: ముందు వెనకలు, పక్కలు, ముక్కు తిరిగిన దిశ. పైకి కిందకి ఎత్తేసే అలతో ఏ ప్రొపెల్లరూ పోటీపడలేదు.

పైథాన్‌లో ఈ మూడు కదలికల నమూనా రాసుకోండి, వంద లైన్లు కూడా అవ్వదు. ఓడ బరువు, నీటి నిరోధం, తోపు. పీఐడీ కంట్రోలర్ (ఓడ ఎంత జరిగిందో చూసి ఎంత తోయాలో చెప్పే లెక్క) పెట్టి, పక్కనుంచి నీటి ప్రవాహం నెట్టండి. ఓడ కాసేపు తడబడి తన చోటుకి తిరిగి వస్తుంది. సంతోషం వేస్తుంది, ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకోవాలనిపిస్తుంది. ఆగండి.

ఇప్పుడు కొలిచిన స్థానానికి అల వల్ల వచ్చే ఊపు కలపండి, పది సెకన్లకి ఒకసారి, అటు అర మీటరు ఇటు అర మీటరు. ప్రొపెల్లర్‌కి వెళ్లే ఆజ్ఞల గ్రాఫ్ చూడండి. పిచ్చెక్కినట్టు పైకీ కిందకీ కొట్టుకుంటుంది. ప్రతి అలతోనూ ఓడ కుస్తీ పడుతోంది. ఇంధనం దండగ, యంత్రాలు అరిగిపోతాయి, స్థానం కూడా పెద్దగా బాగుపడదు. నిజానికి అల ఓడని అటు తీసుకెళ్లి తానే ఇటు తెచ్చేస్తుంది. దాన్ని వదిలేసి, నెమ్మదిగా జరిగిపోయే జారుడుని మాత్రమే పట్టుకోవాలి. చేపలు పట్టేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, పడవ కిందనుంచి అలని పోనివ్వడం అంటే ఇదే.

ఆ రెండిటినీ విడదీసే పనికి 1970ల్లో నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో బాల్చెన్, ఆయన సహచరులు కాల్మన్ ఫిల్టర్ వాడారు, అంటే గోలతో నిండిన కొలతల్లోంచి అసలు కదలికని అంచనా వేసే లెక్క. మీ నమూనాలో కూడా పెట్టి చూడండి. ఫిల్టర్‌కి పది సెకన్ల అల అని చెప్పి, తర్వాత అసలు అలని పద్నాలుగు సెకన్లకి మార్చండి. ఫిల్టర్ తడబడుతుంది. పైన చెప్పిన పొట్టి అల, పొడవాటి అల రెండూ ఒకేసారి పెడితే ఇంకా తడబడుతుంది. కంట్రోల్, అలలు రెండూ కలిసే మీ సొంత మూల ఇదే. నేను మా ప్రొఫెసర్‌కి పంపిన మొదటి గ్రాఫ్ ఇదే, రంగులు కూడా సరిగ్గా రాలేదు, అయినా ఆయన జవాబు దాని గురించే రాశారు.

సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. నార్వేవాళ్ల మెరైన్ సిస్టమ్స్ సిమ్యులేటర్ టూల్‌బాక్స్ ఉచితం. గాలిమరకి ఓపెన్‌ఫాస్ట్, ఓడ మీద అలల బలానికి కాపిటెయిన్, ఇవీ ఉచితమే. దొంగ లైసెన్స్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన గ్రాఫులు మాత్రం ఎక్కడికీ పంపకండి. మూల మీద ఆ ముద్ర కనిపిస్తుంది.

ఒక్క పేజీ ప్రతిపాదన

రెండు అభ్యాసాలూ అయ్యాక రాయండి, ముందు కాదు. పేజీ దాటొద్దు. ఏ నిమిషం, ఆ నిమిషంలో ఏ కొలత పరిమితి దాటితే పని ఆగిపోతుంది, ఇప్పటిదాకా దాన్ని ఎలా లెక్కిస్తున్నారు, ఆ లెక్క ఎక్కడ సరిపోవడం లేదు, మీరు మొదటి ఏడాదిలో ఏం చేస్తారు. చివర మీ గ్రాఫ్ ఒకటి.

నా పాత శీర్షిక బదులు ఇప్పుడైతే ఇలా పెడతాను: "పొడవాటి అలలు, గాలి అలలు కలిసిన సముద్రంలో మోనోపైల్ నేలకి ఆనే సమయంలో డీపీ స్థిరత్వం". వినడానికి ఇంపుగా లేదు, నిజమే. కానీ చదివినవాళ్లకి మీరేం చేస్తారో తెలుస్తుంది. "పర్యావరణ పరిరక్షణ నేటి అవసరం" లాంటి పేరా మొదట్లో పెట్టకండి. వాళ్లు రోజూ ఆ పనిలోనే ఉన్నారు.

ప్రయోగం గురించి ఒక వాక్యం ఉంటే మంచిది. నమూనా ఓడల ట్యాంకుల్లో కాలం కూడా కుంచించుకుపోతుందని తెలుసుకోండి. 70వ వంతు సైజు బొమ్మ ఓడకి కాలం 70 వర్గమూలం, అంటే సుమారు 8.4 రెట్లు తగ్గుతుంది. సముద్రంలో పది సెకన్ల అల ట్యాంకులో 1.2 సెకన్లు. కంట్రోలర్ కూడా అంత వేగంగా ఆలోచించాలి.

ఎక్కడ చేయాలి

ఇంటికి దగ్గరగా అంటే విశాఖ. ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ ఇంజనీరింగ్ విభాగం, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉన్నాయి. ఈ అంశానికి దేశంలో గట్టి చోట్లు ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్, ఐఐటీ ఖరగ్‌పూర్. చెన్నైలోనే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ, ఆఫ్‌షోర్ విండ్‌కి నోడల్ సంస్థ అయిన జాతీయ పవన శక్తి సంస్థ ఎన్ఐడబ్ల్యూఈ కూడా ఉన్నాయి. గేట్‌లో 2022 నుంచి నేవల్ ఆర్కిటెక్చర్ అండ్ మెరైన్ ఇంజనీరింగ్ అని విడిగా పేపర్ వచ్చింది. మెకానికల్ వాళ్లు ఏది రాయాలో సిలబస్ పక్కపక్కన పెట్టుకుని తేల్చుకోండి. పరిశోధన విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ భృతి 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. చెన్నైలో బతకొచ్చు, ఇంటికి పెద్దగా పంపలేరు.

బయటికైతే నార్వే, నెదర్లాండ్స్, డెన్మార్క్ ముందు చూడండి. అక్కడ పీహెచ్‌డీ అంటే ఉద్యోగం. జీతం, సెలవులు, పన్ను అన్నీ ఉంటాయి, ఫీజు ఉండదు. నార్వేలో మూడేళ్లు, పాఠాలు చెప్పే బాధ్యత ఉంటే నాలుగు. నెదర్లాండ్స్‌లో నాలుగు. నార్వే ప్రకటనలు జాబ్‌నోర్గే సైట్‌లో, నెదర్లాండ్స్‌వి అకడమిక్ ట్రాన్స్‌ఫర్‌లో, యూరప్ అంతటివీ యూరాక్సెస్‌లో వస్తాయి. కానీ మాస్టర్స్ లేకుండా బీటెక్‌తో అక్కడికి దాదాపు కుదరదు. అందుకని ఇక్కడ ఎంటెక్‌గానీ ఐఐటీ మద్రాస్‌లో ఎంఎస్ బై రీసెర్చ్‌గానీ ముందు చేయడం నా సలహా. మాస్టర్స్‌కే నార్వే వెళ్దామంటే 2023 నుంచి మనవాళ్లకి ఫీజులు పెట్టారు, లెక్క చూసుకోండి. ఇంటి మీద అప్పు తెచ్చి వెళ్లొద్దని నా అభిప్రాయం. జీతమిచ్చి చదివించే దారి రెండేళ్ల తర్వాత ఎలాగూ ఉంది.

మెయిల్, ఇంటర్వ్యూ

మెయిల్ పది లైన్లు. "గౌరవనీయులైన సార్, మీ పరిశోధనలు నన్ను ఎంతో ప్రభావితం చేశాయి" అని మొదలుపెట్టకండి, మన అలవాటు అది, అక్కడ అచ్చు వేసిన ఉత్తరంలా కనిపిస్తుంది. వాళ్ల ఒక పేపర్ చదివి, అందులో ఒక గ్రాఫ్ గురించి నిజంగా వచ్చిన ప్రశ్న ఒకటి అడగండి. తర్వాత మీరు చేసిన లెక్క, గ్రాఫ్ లింకు. నలభై మందికి ఒకేలా పంపేకంటే ఆరుగురికి విడివిడిగా రాయండి. నాకు ఆరుగురిలో ఇద్దరు జవాబిచ్చారు, అందులో ఒకరు "ఇప్పుడు డబ్బు లేదు, మార్చిలో చూడండి" అన్నారు. మార్చిలో చూశాను.

ఇంటర్వ్యూలో నీటి ఒత్తిడి కంటే ఎక్కువ టెన్షన్ ఉండేది "తెలీదు" అనడం దగ్గర. మన కాలేజీ వైవాల్లో తెలీదు అంటే మార్కులు పోతాయి కాబట్టి ఏదో ఒకటి చెప్పేస్తాం. అక్కడ ఆ అలవాటే ముంచుతుంది. "తెలీదు, కానీ తేల్చాలంటే ఇలా మొదలుపెడతాను" అని చెప్పి కాగితం మీద గీయడం మొదలుపెట్టండి. నన్ను అడిగిన ప్రశ్న ఒకటి: కిందకి చూస్తే నీరు ప్రశాంతంగా ఉంది, అయినా మీరు క్రేన్ ఆపమన్నారు, ఎందుకు? నేను బందరువానిపేట సంగతి చెప్పాను, పొడవాటి అల దగ్గరికొచ్చేదాకా కళ్లకి కనిపించదని. ఆ తర్వాత ఇరవై నిమిషాలు తెప్పల గురించే మాట్లాడుకున్నాం.

కాగితాలు, ఇవాళే

ఇది చివర్లో పెట్టాను గానీ మీరు ముందు చేయాల్సిన పని. పదో తరగతి మెమోలో, డిగ్రీలో, పాస్‌పోర్ట్‌లో మీ పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే తీసి చూడండి. మనకి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, మూడోచోట చివర్న ఉంటుంది. నా మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా. ఆఫర్ వచ్చాక ఈ తేడా బయటపడింది. దాన్ని సరిచేయించే ఆఫీసులో "రేపు రండి" అని తొమ్మిదిసార్లు అన్నారు, నేను చేరాల్సిన తేదీ ఆరు వారాలు జరిగింది. ఒరిజినల్ డిగ్రీకి, ట్రాన్స్‌క్రిప్ట్‌కి కూడా దరఖాస్తు చేసి పెట్టుకోండి. రెండో ట్రాన్స్‌క్రిప్ట్ కవరు సీలు తెరవకుండా దాచండి, అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.